హుడీ మీద అద్దాల కుట్టు



లంబాడీ ఆడవాళ్లు కట్టే పేటియా లంగాను మీరెప్పుడైనా చేతుల్లోకి తీసుకుని చూశారా? దూరం నుంచి చూసినప్పుడు రంగులూ అద్దాలూ కనిపిస్తాయి. చేతికి తీసుకుంటే ముందుగా తెలిసేది దాని బరువు. ముతక నూలు బట్టను గజాల కొద్దీ కుచ్చులు పోసి కుట్టిన ఘేరా, నడుం దగ్గర దారంతో దట్టంగా నింపిన పట్టీ, కింద వెడల్పాటి అంచు. పైన కాంచళి రవిక. దాని ముందు భాగమంతా అద్దాలే, వీపు మీద ముడి వేసుకునే తాళ్లు తప్ప ఏమీ ఉండదు. తల మీద టుక్రి, దాని అంచుకు గవ్వలు, నాణేలు. మోచేయి పైదాకా గాజులు, కాళ్లకు కడియాలు, చెంపల పక్కన వేలాడే ఘూగ్రి. ఇన్నీ ఒంటి మీద ఉంచుకునే అమ్మమ్మల తరం ఆడవాళ్లు నాట్లు వేశారు, కంకర కొట్టారు, నెత్తిన తట్టలతో నాలుగంతస్తుల మెట్లెక్కారు. హైదరాబాదులో ఎల్బీనగర్ చుట్టుపక్కల లేచిన ఇళ్లలో ఆ చేతులు మోసిన ఇటుకలు ఎన్నో ఉన్నాయి.

ఈ రోజు నేను మాట్లాడేది వాళ్ల మనవరాళ్ల గురించి, మనవళ్ల గురించి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ గ్రూప్స్‌కో, డీఎస్సీకో, ఎస్సై ఉద్యోగానికో, సాఫ్ట్‌వేర్ కోర్సుకో చదువుకుంటున్న పిల్లలు. పొద్దునే వదులు టీషర్టు, కార్గో ప్యాంటు, తెల్లబూట్లు వేసుకుని మెట్రో స్తంభాల కింద టిఫిన్ బండి దగ్గర నిలబడే పిల్లలు. వాళ్లలో కొందరి జీన్స్ జాకెట్ వీపు మీద ఈమధ్య ఒక చదరపు ముక్క కనిపిస్తోంది. ఎర్రటి బట్ట మీద పసుపు, తెలుపు దారాలు, మధ్యన నాలుగైదు అద్దాలు, అంచున గవ్వలు. కొందరి భుజాన గుడ్డసంచికి అదే పని. ఇంకొందరి హుడీ తాడు చివర ఇత్తడి బిళ్లకు బదులు గవ్వ. ఇది ఒక్క హైదరాబాదులోనే జరుగుతున్నది కాదు. దేశమంతటా యువత గిరిజనుల నేతనీ, కుట్టునీ, బొమ్మనీ రోజువారీ బట్టల మీదికి తెచ్చుకుంటోంది. కానీ నగరపు తూర్పు వైపు దీనికి వేరే అర్థం ఉంది. ఇక్కడ ఆ ముక్కను వేసుకున్నవాళ్లలో చాలామందికి అది బజారులో దొరికిన వింత వస్తువు కాదు, సొంత ఇంటి కుట్టు.

ఎందుకో చెప్తాను. ఎల్బీనగర్ దాటగానే సాగర్ రింగ్ రోడ్డు. అక్కడి నుంచి ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ మీదుగా దేవరకొండ వైపు వెళ్తే దారికి ఇరువైపులా లంబాడీ తాండాలు. అటు శ్రీశైలం రోడ్డున కల్వకుర్తి, అచ్చంపేట వైపు వెళ్లినా అంతే. తెలంగాణ గిరిజన జనాభాలో సగానికి పైగా లంబాడీలే. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తాండాలు సొంత పంచాయతీలయ్యాయి. ఆ తాండాల నుంచి చదువుకైనా, కూలికైనా, ఆటో నడపడానికైనా బయల్దేరినవాళ్లు మొదట దిగే పట్నం ఇదే. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక ఇక్కడి హాస్టల్లో ఉండి నగరం అవతలి కొసకు ఉద్యోగానికి పోయి రావడం కూడా తేలికైంది.

ఈ కుట్టు ఇంత బరువుగా, ఇంత మెరుపుగా ఎందుకు తయారైందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. బంజారాలు, అంటే ఈ లంబాడీలే, శతాబ్దాల పాటు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన వర్తకులు. దక్కనుకు వచ్చిన మొగలు సైన్యాలకు తిండిగింజలు చేరవేసింది వాళ్లే. కదిలే బతుకుకు స్థిరమైన ఇల్లుండదు కాబట్టి ఇంటి సొమ్మంతా ఆడవాళ్ల ఒంటి మీదే ఉండేది. ఎండకూ ముళ్లకూ తట్టుకునేలా ముతక బట్ట, అది చిరగకుండా దాని మీద దట్టంగా దారం. రైళ్లు వచ్చాక ఎద్దుల బిడారులకు పని లేకుండా పోయింది. 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టింది. బంజారాలూ చాలాచోట్ల ఆ ముద్ర మోశారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో గానీ ఆ ముద్ర పోలేదు. చట్టం నుంచి పోయింది గానీ జనం నోళ్లలోంచి పోవడానికి చాలా కాలం పట్టింది. ఒంటినిండా నగలు వేసుకున్న పిల్లను "లంబాడీ దానిలా ఏమిటే ఆ వేషం" అని గదమాయించిన ఇళ్లు నా చిన్నతనంలో చాలా ఉండేవి. ఆ మాట అనేవాళ్లకు అది ఒక మందలింపు. బస్సులో పక్క సీటులో కూర్చుని అది వింటున్న తాండా పిల్లకు మాత్రం తన తల్లిని అన్నట్టే.

అందుకే పేటియా మెల్లగా ఒంటి మీంచి దిగిపోయింది. బడిలో యూనిఫాం వచ్చింది, కాలేజీలో చుడీదార్ వచ్చింది, కూలి అడ్డా మీద చీర వచ్చింది. ఇప్పుడు ఏ తాండాకు వెళ్లినా రోజూ పేటియా కట్టేవాళ్లు ముసలివాళ్లే. శ్రావణంలో తీజ్ వచ్చినప్పుడు, పెళ్లిళ్లకు, ఫిబ్రవరి 15న తమ గురువు సేవాలాల్ మహరాజ్ జయంతికి మాత్రం పెట్టెలోంచి తీస్తారు. తీజ్ అంటే పెళ్లికాని ఆడపిల్లల పండుగ. బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, ఆటపాటలతో నిమజ్జనం చేస్తారు. ఆ పండుగకు ఇప్పుడు రెడీమేడ్ లంబాడీ డ్రెస్సులు అమ్ముతున్నారు, అద్దెకూ ఇస్తున్నారు. అవి తేలిక. జరీ లేసు, ప్లాస్టిక్ అద్దాలు. వాటిని నేను తప్పుపట్టను. తొమ్మిది రోజులు ఆడాలంటే పిల్లలకు తేలిక బట్టలే కావాలి.

తేలిక అన్న ఈ మాట దగ్గర కాసేపు ఆగాలనిపిస్తోంది. పెద్దవాళ్లు కొందరు అంటారు: అమ్మమ్మ కట్టిన బట్టను ముక్కలు చేసి జాకెట్ల మీద అతికించుకుంటారా, కడితే మొత్తం కట్టండి, లేదంటే మానేయండి అని. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ పొద్దున ఏడింటికి కోచింగ్ క్లాసుకు పరుగెత్తి, మెట్రోలో నిలబడి, రాత్రి రీడింగ్ రూంలో పదింటి దాకా కూర్చునే పిల్ల పేటియా ఎలా కడుతుంది? ఆ పిల్లకు ఉన్న దారులు రెండే. అమ్మమ్మ కుట్టును పండుగ రోజుకు వదిలేయడం, లేదా తన రోజులోకి తెచ్చుకోవడం. రోజులోకి రావాలంటే ఆ కుట్టు వదులు టీషర్టు మీదికో, హుడీ మీదికో, సంచి మీదికో రావాల్సిందే. పండుగకే మిగిలిన కుట్టును ఏడాదికొకసారే కుడతారు. ఏడాదికొకసారి కుట్టే చెయ్యి మరిచిపోతుంది. నన్నడిగితే ఈ పిల్లలు చేస్తున్న పనిలో చెడిపోతున్నదేమీ లేదు.

పైగా ఆ బట్ట ఎప్పుడు మారకుండా ఉంది? పాత కాంచళులు చూడండి. వాటికి కుట్టిన నాణేల్లో రాణీ బొమ్మ రూపాయలుంటాయి, ఆ పక్కనే స్వతంత్ర భారతం పావలా బిళ్లలుంటాయి. దారం ఒకప్పుడు నూలు, తర్వాత ఉన్ని కూడా చేరింది. దంతం, ఎముక గాజుల స్థానంలో ప్లాస్టిక్ గాజులొచ్చాయి. సంతలో కొత్తగా ఏది మెరిస్తే దాన్ని తెచ్చి, తమ పద్ధతిలో, తమ వరసలో కూర్చుకున్నారు ఆ ఆడవాళ్లు. ఈ రోజు మనవరాలు జిప్పు ఉన్న జాకెట్ తెచ్చి దాని మీద కూర్చుకుంటోంది. ఆ జాతి ఆడవాళ్లు ముందు నుంచీ చేసిన పనే ఇది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. కుట్టేవాళ్లకు బాగా తెలిసిన చిక్కు. హుడీకి, టీషర్టుకు వాడేది బనియన్ బట్ట. అది సాగుతుంది. లంబాడీ కుట్టు సాగదు. బనియన్ బట్ట మీద నేరుగా కుడితే రెండు ఉతుకులకే బట్ట ముడతలు పడి, దారం లాక్కుపోయి, అద్దం చుట్టూ కన్నం పడుతుంది. అందుకని తెలిసినవాళ్లు ముందు ముతక నూలు బట్ట మీద విడిగా ముక్క కుడతారు. దాని వెనక బక్రం వేసి, అంచులు లోపలికి మడిచి, ఆ తర్వాత హుడీకి నాలుగు వైపులా అతికిస్తారు. జీన్స్ జాకెట్, కాన్వాస్ సంచి అయితే ఈ తిప్పలు లేవు. అవి గట్టి బట్టలు కాబట్టి సూదిని పట్టుకుంటాయి. వీపు పలకం, జేబు మూత, కాలరు, చేతి పట్టీ, ఇవి అనువైన చోట్లు. మోచేయి దగ్గర, నడుం దగ్గర వంగే చోట పెడితే అద్దాలు విరుగుతాయి. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట సందుల్లో పెళ్లి జాకెట్లకు మగ్గం వర్క్ చేసే దుకాణాలు ఎన్నో ఉన్నాయి కదా, వాళ్ల దగ్గరికి ఇలాంటి ముక్క తీసుకెళ్తే అతికించి ఇవ్వగలరు. మగ్గం మీద చట్రానికి బట్ట బిగించి కొక్కెం సూదితో పని చేస్తారు. తాండాలో చట్రం ఉండదు. ఒళ్లో బట్ట పెట్టుకుని మామూలు సూదితో, కాగితం మీద గీసుకోకుండా, కంటి లెక్కతో గళ్లు, త్రికోణాలు, చదరాలు తీస్తారు. రెండూ గొప్ప పనులే. రెండింటి చెయ్యి మాత్రం వేరు.

ఆ కుట్లకు పేర్లున్నాయి. కర్ణాటకలో సండూరు లంబాణీ (లంబాడీ) ఆడవాళ్ల పనిని నమోదు చేసినప్పుడు పద్నాలుగు రకాల కుట్లు లెక్కకు వచ్చాయి. కిలన్, వేలె, బక్యా, మకీ, సూర్యకాంతి మకీ, కన్స్, తేరా డోరా, రేలో, గాడ్రీ, ఇలా. ఏ కుట్టు ఎక్కడ వేయాలో, అంచుకేది, మూలకేది, అద్దం చుట్టూ ఏదో పద్ధతి ఉంది. మన తాండాల్లో ఆ పేర్లు కొంచెం అటూ ఇటుగా పలుకుతారు. ఇవి పుస్తకాల్లో నేర్పే పేర్లు కావు. యాడి (అమ్మ) పక్కన కూర్చుని, సూదిలో దారం ఎక్కించి ఇస్తూ వినవలసినవి. హాస్టల్ నుంచి సెలవులకు ఇంటికెళ్లిన పిల్లలు ఈసారి ఫోను తీసి, అమ్మమ్మ కుడుతుండగా ఒక్కో కుట్టునూ దాని పేరుతో రికార్డు చేస్తే ఎంత బాగుంటుందో అని నేను నిజంగా ఆశపడుతున్నాను.

సండూరు పేరు వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెప్తాను. అక్కడి సండూరు కుశల కళా కేంద్రం చాలా ఏళ్లుగా లంబాణీ ఆడవాళ్లతో పని చేయిస్తోంది. ఆ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జులైలో హంపీలో జీ-20 సమావేశాలు జరిగినప్పుడు 450 మందికి పైగా ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువులను ఒకచోట పెడితే అది గిన్నిస్ రికార్డయింది. తమిళనాడులో ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయలో లంబాడీలు కుట్టు దాదాపు మరిచిపోయారు. ముసలివాళ్లలో ఒకరిద్దరికి గుర్తున్నదాన్ని పట్టుకుని, అక్కడి గిరిజన ఆసుపత్రి డాక్టరు లలితా రెజీ ప్రోత్సాహంతో పోర్గై అనే సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ లోయ ఆడవాళ్లు కుట్టిన కుర్తాలు, సంచులు నగరాలకు వెళ్తున్నాయి. బరువైన పాత దుస్తులను తిరిగి కట్టమని వాళ్లెవరినీ అడగలేదు. ఈ కాలం జనం వేసుకునే బట్ట మీద పాత చేతిని నిలబెట్టారు. మన దగ్గర దేవరకొండ, అచ్చంపేట తాండాల్లో ఇంకా కుట్టు వచ్చినవాళ్లున్నారు. సిట్టిలింగిలా మరిచిపోయే దాకా ఆగవలసిన అవసరం మనకు లేదు.

ఇక బజారు సంగతి. దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణాల్లో "ట్రైబల్ ప్రింట్" అని అడిగి చూడండి. ఎక్కువగా చూపించేది తెల్ల గీతల మనుషులు గుండ్రంగా చేరి ఆడే బొమ్మ. అది మహారాష్ట్రలోని వర్లీ వాళ్లది. లేదంటే ఏ ఖండానిదో, ఏ జాతిదో చెప్పలేని మెలికల గీతలు. తెలంగాణలో గోండులున్నారు, కోయలున్నారు, కొలాములున్నారు, నాయకపోడులున్నారు, లంబాడీలున్నారు. దుకాణంలో మాత్రం ఎవరి పేరూ ఉండదు, అన్నిటికీ కలిపి "ట్రైబల్" అన్న ఒక్క మాట. నాకు నచ్చనిది ఇదే. ఒక జాతి గీతను వాడుకుని ఆ జాతి పేరు చెప్పకపోవడం, ఆ చేతికి పైసా అందకపోవడం.

ఇది మన ఒక్కరి సమస్య కూడా కాదు. అమెరికాలో నవాహో జాతివాళ్లు తమ పేరుతో టీషర్టులూ నగలూ లోదుస్తులూ అమ్ముతున్నారని అర్బన్ ఔట్‌ఫిటర్స్ మీద 2012లో కేసు వేశారు. ఆ కంపెనీ యువత బట్టలకు పేరుపడ్డది. 2016లో రాజీ కుదిరింది. నవాహోలు తమ పేరును ఎప్పుడో 1943లోనే ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుని ఉండటం వాళ్లకు బలమైంది. 2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్‌లో ప్రాడా కంపెనీ ప్రదర్శనలో కొల్హాపురీ చెప్పుల్లాంటివి కనిపించాయి. కొల్హాపురి పేరు ఎక్కడా చెప్పలేదు. మన దేశంలో గొడవ లేచాక ఆ కంపెనీ వాటి మూలం ఇక్కడిదేనని ఒప్పుకుంది. కొల్హాపురీ చెప్పులకు 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే కాగితం ఉన్నా జనం గొంతు కలిపితేనే పని జరిగింది. ఆ గొంతు ఎక్కువగా ఫోన్ల మీంచి, యువత నుంచే వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ పిల్లలకు నేను గుర్తుచేయాలనుకున్నది ఈ బలాన్నే.

అన్నీ బట్టల మీదికి తేదగినవి కావన్న సంగతి కూడా చెప్పాలి. ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ నర్తకుల నెమలి ఈకల టోపీ చూడగానే కళ్లు తిప్పుకోలేం. దండారీ పండుగ రోజుల్లో అది పెట్టుకున్నవాళ్లు దీక్షలో ఉన్నట్టు. ఆ దీక్ష ముగిసే దాకా స్నానం కూడా చేయరు. గుస్సాడీ నృత్యాన్ని పిల్లలకు నేర్పిన మార్లవాయి కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్నుమూశారు. ఆ టోపీ బొమ్మను టీషర్టు మీద అచ్చు వేయాలంటే ముందు గోండు పెద్దలను అడగాలి. లంబాడీల్లోనూ ఘూగ్రి, టోప్లి అనే తల నగలు పెళ్లయిన ఆడవాళ్ల గుర్తులు. పెళ్లికాని పిల్ల ఫొటో కోసం అవి పెట్టుకుంటే తాండాలో ముసలమ్మలు నొచ్చుకుంటారు. అలాగే అడ్డంకి లేనివీ ఎన్నో ఉన్నాయి. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజలు మైనంతో అచ్చు తీసి పోతపోసే ఇత్తడి డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చిన్న డోక్రా గంటనో, ఆకునో నల్లదారానికి కట్టి మామూలు టీషర్టు మీద వేసుకుంటే ఎంత అందంగా ఉంటుందో చూడండి. పోతపోసినవాడికి అది అన్నం కూడా.

లంబాడీ బట్ట వేసుకుని తెర మీద పాడి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పేరు తెచ్చుకున్న మంగ్లీ లాంటి వాళ్ల వల్ల తాండా పిల్లల్లో సిగ్గు చాలావరకు పోయింది. నా చిన్నతనంలో విన్న ఆ మందలింపు మాట ఇప్పుడు అనాలంటే నోరు వెనకాడుతుంది. ఆ సిగ్గు పోయాకే ఈ జాకెట్లు వచ్చాయి. మా తూర్పు వైపు నేను చూసిన మార్పుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

లంబాడీలు కాని పిల్లలు వేసుకోవచ్చా అని కొందరు అడుగుతుంటారు. వేసుకోవాలి. ఎక్కువ మంది కొంటేనే కుట్టే చేతులకు ఏడాది పొడవునా పని దొరుకుతుంది. ఎక్కడిదో తెలుసుకుని, చేతిపనినే కొనండి. చేతిపనిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ముక్కను వెనక్కి తిప్పి చూడండి. కంప్యూటర్ వర్క్ అయితే వెనక మొత్తం ఒకే తెల్లదారం వరసగా, దాని కింద కాగితం లాంటి పొర కనిపిస్తాయి. చేతి కుట్టుకు వెనక కూడా రంగు దారాలే ఉంటాయి, ముడులు ఉంటాయి, ఒక కుట్టు పెద్దదీ ఒకటి చిన్నదీ ఉంటాయి. అద్దాన్ని గోటితో కదిపి చూడండి. చేతిపనిలో అద్దానికి జిగురు ఉండదు. దాని చుట్టూ దారం అల్లి బిగించి ఉంటుంది. అరచేయంత ముక్కకు కూడా పూటలు పడతాయి కాబట్టి అది అచ్చు వేసిన టీషర్టు ధరకు రాదు. బేరం ఆడేముందు ఆ పూటలను లెక్కేయండి. అమ్మేవాళ్లను "ఏ తాండాలో కుట్టారు, ఎవరు కుట్టారు" అని అడగండి. జవాబు చెప్పగలిగినవాళ్ల దగ్గరే కొనండి.

ఇంటికి తెచ్చాక వాషింగ్ మెషీన్లో వేయకండి. లోపలి వైపు బయటికి తిప్పి, చల్లటి నీళ్లలో, చేత్తో తేలిగ్గా ఉతకండి. ఎర్ర దారం మొదటిసారి రంగు దిగుతుంది, విడిగా నానబెట్టండి. పిండకుండా నీడన ఆరేయండి. అద్దాల మీద ఇస్త్రీ పెట్టకండి. హుడీ ఎంత మంచిదైనా కొన్నేళ్లకు వదులైపోతుంది, మోచేతుల దగ్గర పలచబడుతుంది. అప్పుడు ముక్కను మాత్రం జాగ్రత్తగా ఊడదీసి ఉంచుకోండి. తాండాల్లో పాత కాంచళి పలకలను అలాగే దాచి సంచులకు, దిండు గలీబులకు కుట్టేవాళ్లు. ఆ ముక్క మీ తర్వాతి జాకెట్‌కు పనికొస్తుంది.